పనిజట్టుల బాగోగులు

ఒక్కరు చేసిన పనిని తూచుట సులభము. పదిమంది కలసి చేసిన పనిని తూచుట కష్టము. ఇంటిలో కూర మాడినచో పొయ్యి దగ్గఱ ఉన్నదెవరో అందఱకును తెలియును. పెండ్లివిందులో అన్నము చాలకపోయినచో తప్పెవరిదో నెలదినములు వాదించినను తేలదు. బియ్యము కొలిచి యిచ్చినవారొకరు, ఎసరు పెట్టినవారొకరు, వడ్డించినవారు వేఱొకరు, పిలుపులు పిలిచినవారు మఱియొకరు. ఎవరికి వారు తమ పని సరిగానే చేసితిమందురు. అదియు నిజమే కావచ్చును. అయినను అతిథులు ఆకలితో లేచిపోయిరి.

నేడు మన స్త్రీలలో పెక్కుమంది ఒంటరిగా గాక జట్టుగా గూడి సంపాదించుచున్నారు. ఏలూరు, తాడేపల్లిగూడెము, కొల్లేటి చుట్టుపట్ల పల్లెలు ఇందుకు మంచి నిదర్శనములు. వరినాట్ల జట్టులు, చేపలు ఏరి పెట్టెలకెత్తు జట్టులు, పొదుపు సంఘములు, బడిపిల్లలకు మధ్యాహ్నభోజనము వండు సంఘములు — వీని బాగోగులపై వేలకొలది ఇండ్ల బాగోగులు ఆధారపడియున్నవి. జట్టు బాగుగా నడచుచున్నదా లేదా యని తెలిసికొనుట ఎట్లు? నడవనిచో బాగుచేసికొనుట ఎట్లు? ఈ రెండు ప్రశ్నలను గూర్చి మేమిచట కొంత ముచ్చటింపదలచితిమి.

మూడు తీరుల జట్టులు

మొదట గమనింపదగినదేమనగా, జట్టులన్నియు ఒక్క తీరువి కావు. వానిని ఒకే కోలతో కొలుచుట పొరపాటు.

తాడేపల్లిగూడెము పరిసరములలోని కాలువక్రింది పొలములలో ఏటికి రెండు వరిపంటలు: సార్వా, దాళ్వా. యంత్రములును, వెదజల్లు సాగును వచ్చి నాట్లపని కొంత తగ్గినను, చేతినాట్లు ఇంకను పోలేదు. నాట్ల దినములలో స్త్రీలు జట్టుగా గూడి, ఎకరమునకింత యని గుత్తకు మాటలాడుకొని బురదలోనికి దిగుదురు. ఇచట ఒకరి పనికి మఱియొకరి పని చేరి మొత్తమగును. ఒకతె మెల్లగా నాటినను తక్కినవారి వరుసలు చెడవు. మొత్తము కొంచెము తగ్గును, అంతే. ఇది కూడికజట్టు.

కొల్లేటి చుట్టుపట్ల చేపలచెఱువుల వద్ద పట్టుబడినాటి పని వేఱు. తెల్లవాఱకమునుపే వల లాగువారు లాగవలెను. బొచ్చెను, శీలావతిని పరిమాణమును బట్టి వేఱు చేయువారు వేఱు చేయవలెను. మంచుగడ్డను నలుగగొట్టువారు కొట్టవలెను. పెట్టెలలో పొరపొరగా చేపలు, మంచు పేర్చువారు పేర్చవలెను. ఆపై లారీ కదలవలెను. సరకు ఎక్కువగా కలకత్తాకును, ఈశాన్య రాష్ట్రములకును పోవలసినది. ఇచట ఒకరి చేతినుండి మఱియొకరి చేతికి పని పోవును. నలుగురు వేగముగా చేసి ఒకరు ఆలస్యము చేసినచో ఆ నలుగురి వేగమును ఎండలో ఎండిపోవును. ఇది గొలుసుజట్టు.

ఏలూరు తివాచీలు చిరకాలమునుండి పేరుపడినవి. ముసల్మాను ప్రభువుల కాలమున పారసీకదేశమునుండి వచ్చి స్థిరపడిన పనివారు ఈ విద్యను తెచ్చిరని ప్రతీతి. ముడుల తివాచీ వెడల్పుగా ఉన్నప్పుడు ఒకే మగ్గము ముందు పలువురు ప్రక్కప్రక్కన కూర్చుండి, ఎవరి భాగము వారు అల్లుదురు. అందఱి వరుసలును ఒక్క ఎత్తున లేవవలెను. బిగువు ఒక్కటిగా ఉండవలెను. ఒకరు మిక్కిలి బిగించి, ప్రక్కవారు వదులుగా విడిచినచో తివాచీ మెలివడును. అతివేగముగల పనివాడు ఇచట జట్టునకు లాభము కాడు; ప్రక్కవారి చేతికి తన చేతిని సరిపెట్టుకొనువాడే లాభము. దీనిని సరిజోడుజట్టు అందము.

మీ జట్టు ఈ మూడింటిలో ఏ తీరుదో మొదట తేల్చుకొనుడు. కూడికజట్టులో ఒక్కొక్కరి పాలును చూడవలెను. గొలుసుజట్టులో చేతులు మాఱు చోటులను చూడవలెను. సరిజోడుజట్టులో తేడాలను చూడవలెను. గొలుసుజట్టులోని వారికి తలకొక మెచ్చుకోలు, తలకొక దండన విధించినచో ఎవరికి వారు తమ కుప్పను పెంచుకొని ప్రక్కవారి మీదికి నెట్టుదురు. చేప మాత్రము మంచు చేరదు.

దేనిని కొలువవలెను?

ఏది కొలుతుమో అది పెరుగును, ఏది కొలువమో అది తఱుగును. నాట్లజట్టును ఎకరములతో మాత్రమే కొలిచితిమనుకొనుడు. గుత్తకూలి ఎకరములను బట్టియే గదా! అప్పుడు చేతులు వేగిరపడును. కుదుళ్ళు దూరదూరముగా పడును. సాయంకాలమునకు పొలము పచ్చగానే కనబడును. నష్టము కోతనాడు గాని బయటపడదు, ఆ వేళకు కూలి ఎప్పుడో చెల్లిపోయియుండును.

వ్యవసాయశాఖవారు ఇందుకొక తేలికైన కొలత చెప్పియున్నారు. సార్వాలో చదరపు మీటరునకు 33 కుదుళ్ళు, దాళ్వాలో 44 కుదుళ్ళు ఉండవలెను. కుదురునకు రెండు మూడు మొక్కలు చాలును. ప్రతి 2 మీటర్లకును 20 సెంటీమీటర్ల కాలిబాట విడువవలెను. మీటరు పొడవుగల నాలుగు పుల్లలు కట్టిన చట్రమొకటి చాలును. దానిని పొలములో ఐదు చోటుల వేసి, లోపలి కుదుళ్ళను లెక్కించిన నాటు నాణ్యము నిమిషములలో తేలును.

ఉదాహరణమునకు, ఒక సార్వా పొలములో ఐదు చోటుల లెక్క 34, 33, 32, 22, 21 వచ్చినదనుకొందము. సగటు 28కి కొంచెము పైన. సగటును మాత్రము చూచిన యజమానుడు “ఈ జట్టు పని మంచిది కాదు” అనును. కాని అంకెలను విడివిడిగా చూడుడు. మొదటి మూడు చోటులును చక్కగా ఉన్నవి. చివరి రెండే పలుచబడినవి. ఆ రెండును మధ్యాహ్నము తరువాత నాటినవైనచో అడుగవలసిన ప్రశ్న వేఱు: నారుకట్టలు సకాలమున గట్టుమీదికి అందినవా? నారు చాలక పలుచగా నాటిరా? త్రాగుటకు నీరు దొరకినదా? ప్రొద్దు పోవుచున్నదని తొందరపెట్టినదెవరు? మొదటి మూడు చోటుల నేర్పు చూపిన చేతులకు చివరి రెండు చోటుల నేర్పు లేకపోయినదని చెప్పుట సబబు కాదు.

ఇందువలన ఒక సూత్రము తేలుచున్నది. కొలత తీర్పు కాదు. కొలత ఎక్కడ వెదకవలెనో చూపు దీపము మాత్రమే.

చేపలజట్టునకైనచో మనిషికెన్ని పెట్టెలని కొలుచుటకన్న, వలలో పడిన చేప మంచులోనికి చేరుటకు ఎంతసేపు పట్టినదో కొలుచుట మేలు. ఆ ఒక్క కొలతలో అందఱి పనియు ఇమిడియున్నది. పట్టుబడి పట్టుబడికి ఆ గడియలు తగ్గుచున్నచో జట్టు బాగుపడుచున్నది. పెరుగుచున్నచో ఎక్కడనో ముడి పడినదన్నమాట.

పొదుపు సంఘముల తరగతులు

జట్టును తూచుటయన్నది మన పల్లెస్త్రీలకు క్రొత్తది కాదు. మన రాష్ట్రమున పొదుపు సంఘములో చేరిన ప్రతి స్త్రీయు ఈ మాట ఎఱుగును. 1982లో కేంద్రప్రభుత్వము గ్రామీణ స్త్రీశిశువుల అభివృద్ధి కొఱకు పెట్టిన పథకమే మన నోళ్ళలో ‘డ్వాక్రా’యై స్థిరపడినది. 1992లో నాబార్డు 500 సంఘములను బ్యాంకులతో జోడించి చూచెను. 2000లో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ ఏర్పడినపిమ్మట గ్రామసంఘములు, మండల సమాఖ్యలు, జిల్లా సమాఖ్యలు అంచెలంచెలుగా అల్లుకొనినవి.

ఈ సంఘములకు ఐదు నియమములు పెట్టబడినవి, పంచసూత్రములని పేరు. క్రమముగా సమావేశమగుట, క్రమముగా పొదుపు చేయుట, పొదుపుసొమ్మును లోలోపల అప్పులిచ్చుకొనుట, అప్పు సకాలమున తీర్చుట, లెక్కలు సరిగా వ్రాసికొనుట. వీనిని చూచి సంఘములకు ఎ, బి, సి, డి తరగతులు నిర్ణయింతురు. బ్యాంకు పూచీకత్తు లేకయే అప్పిచ్చుటకు ఈ నడవడియే పూచీ. మంచి తరగతి వచ్చినచో పాడిగేదె, కుట్టుమిషను, కూతురి చదువు. రానిచో రోజువడ్డీవాని గుమ్మము. పల్లెలో ఒక అక్షరమునకు ఇంత విలువ మఱెక్కడను లేదు.

ఈ పద్ధతిలో గొప్ప మేలు కలదు. ఎవరి మొగమును చూడకుండ, ఎవరి సిఫారసును వినకుండ, పుస్తకము చెప్పినదే వినుట దీని ధర్మము. నిరుపేద స్త్రీల సంఘమునకును, కలిగినవారి సంఘమునకును ఒక్కటే కొలత. అయినను ఈ కొలతకందని వొకటి రెండు విషయములు గలవు. వానిని తెలిసికొనుట మనకవసరము.

ఒక లెక్క చూతము. పండ్రెండుగురు సభ్యులుగల సంఘము నెలకు రెండుసార్లు చొప్పున ఏడాదికి 24 సమావేశములు జరుపును. అందఱును అన్నిటికిని వచ్చినచో హాజరు 288. రెండు సంఘముల హాజరు 216 చొప్పున ఉన్నదనుకొందము. అనగా నూటికి 75. కాగితముమీద రెండును సమానమే. కాని మొదటి సంఘమున ప్రతి స్త్రీయు ఆఱేసి సమావేశములకు రాలేకపోయినది. నాట్లరోజులు, జ్వరములు, పండుగలు అడ్డువచ్చినవి. రెండవ సంఘమున తొమ్మండుగురు 24 సమావేశములకును వచ్చిరి. ముగ్గురు ఒక్కదానికిని రాలేదు. ఆ ముగ్గురెవరు? ఏల రాలేదు? వారి సంతకములెవరు చేయుచున్నారు? వారి పేర వచ్చిన అప్పెవరు వాడుకొనుచున్నారు? మొదటి సంఘమునకు కావలసినది సమావేశపు వేళ మార్చుట. రెండవదానికి కావలసినది వేఱు. అది ఒక సంఘము కానేకాదు, తొమ్మండుగురి సంఘమునకు ముగ్గురి పేళ్ళు అద్దెకు తెచ్చుకొన్నట్లు.

పేరునకు మాత్రమే జట్టుగా నుండు అపాయము ఎంతటిదో కొల్లేరే చెప్పగలదు. 1970 దశకమున ప్రభుత్వము అచటి మత్స్యకారులను సహకార సంఘములుగా చేర్చి చేపలచెఱువులు త్రవ్వుకొనుటకు ప్రోత్సహించెను. కాలక్రమమున పెక్కుచోటుల చెఱువులు కౌలుపేరిట ధనవంతుల చేతులలోనికి పోయినవి. సంఘము పుస్తకములలో మిగిలెను. సభ్యులు తమ చెఱువుగట్టుననే కూలివాండ్రయిరి. 1999లో ఆ సరస్సు వన్యప్రాణి అభయారణ్యమయ్యెను. 2006లో సరస్సులోపలి చెఱువుల గట్లను ప్రభుత్వము తెగగొట్టించినప్పుడు పెట్టుబడి పెట్టినవారు మఱియొక వ్యాపారమునకు పోగలిగిరి, పల్లెవాండ్రు పోలేకపోయిరి. సంఘము ఉన్నదా యని అడుగుట చాలదు. సంఘములో నిర్ణయము ఎవరిది, లాభము ఎవరిది యని అడుగవలెను.

రెండవ విషయము ఇంతకన్న సున్నితమైనది. తరగతి తగ్గునను భయమున కొన్ని సంఘములు కంతు కట్టలేని పేదరాలిని మెల్లగా బయటికి పంపుట కలదు. వెలివేసిన మఱునాడు లెక్కలు చక్కబడును, అక్షరము మెఱుగుపడును. కాని సంఘము ఎవరికొఱకు పుట్టినదో ఆ స్త్రీయే వీథిన పడును. తీర్చగలిగియు తీర్చనివారు వేఱు. తీర్చనెంచియు తీర్చలేనివారు వేఱు. భర్త మంచమున పడినదానికి, సారాయికి సొమ్ము పోగొట్టుకొనినదానికి గడువు పొడిగించి, చిన్న కంతులు పెట్టి నిలబెట్టుకొనుట సంఘధర్మము. ఆ సంగతి తీర్మానపుస్తకములో దాపరికము లేకుండ వ్రాసికొనవలెను. దాచిన బాకీ అవమానము; ఒప్పుకొని గడువిచ్చిన బాకీ ఒక ఏర్పాటు. ఎవ్వరిని విడువకుండ ఎంత వసూలు చేసితిమన్నదే మా దృష్టిలో సంఘమునకు సరియైన పరీక్ష.

జట్టు ఏల వెనుకబడును?

ఫ్రెంచిదేశమున రింగెల్మాను అను వ్యవసాయ ఇంజనీరు మనుష్యులచేత త్రాడు లాగించి బలము కొలిచెను. ఆ లెక్కలు 1913లో ప్రకటింపబడినవి. ఎనిమిదిమంది కలసి లాగినప్పుడు వచ్చిన బలము, ఆ ఎనిమిదిమంది విడివిడిగా లాగిన బలముల మొత్తములో సుమారు సగమే! వల లాగినవారికి ఈ సంగతి వింత గాదు. సగము నష్టము ఏల వచ్చెను? అందఱును ఒక్క క్షణమున లాగకపోవుట ఒక కారణము. “ఇందఱున్నారు గదా” యని ఒక్కొక్కరు కొంత బలము దాచుకొనుట రెండవ కారణము. మొదటిదానికి మందు మన పూర్వులే కనిపెట్టిరి: ఐలెసా పాట. నాట్లలో పాడు పాటయు ఇట్టిదే. అలసట మఱపించును, చేతులను ఒక్క తాళమునకు తెచ్చును. రెండవదానికి మందు, ఒక్కొక్కరి పాలు కనబడునట్లు పని పంచుట.

1953లో అహమ్మదాబాదు మిల్లులో రైసు అను ఇంగ్లీషు పండితుడు మఱియొక పరీక్ష చేసెను. అంతవఱకు మగ్గములశాలలో ఒక్కొక్క పనివానికి ఒక్కొక్క తునక పని. ఏ మగ్గమును ఎవరిదియు కాదు. ఆయన సలహాపై వారు చిన్నచిన్న జట్టులుగా గూడి, జట్టునకు కొన్ని మగ్గముల పని అంతయు అప్పగించుకొనిరి. ఎవరెవరితో కూడవలెనో పనివారే నిర్ణయించుకొనిరి. ఉత్పత్తి పెరిగెను, పాడైన బట్ట తగ్గెను. యంత్రములు అవియే, మనుష్యులు వారే, మాఱినది ఏర్పాటు.

2010లో అమెరికాలో జరిగిన పరిశోధనమొకటి మన స్త్రీలకు సంతోషము కలిగింపదగినది. 699 మందిని చిన్న జట్టులుగా కూర్చి పలు పనులిచ్చి చూచిరి. జట్టులో మిక్కిలి తెలివిగలవారు ఒకరున్నంతమాత్రమున జట్టు తెలివిగలది కాలేదు. ఎదుటివారి మొగము చూచి మనసు గ్రహింపగల సభ్యులున్న జట్టులు, అందఱును ఇంచుమించు సమానముగా మాటలాడు జట్టులు ముందంజ వేసినవి. స్త్రీలెక్కువగా ఉన్న జట్టులు మెఱుగుగా చేసినవి; ఎదుటివారి మనసు గ్రహించు గుణమే అందుకు ముఖ్యకారణమని వారు తేల్చిరి.

హార్వర్డు ఆచార్యురాలు ఎమీ ఎడ్మండ్సన్ ఆసుపత్రి జట్టులను పరిశీలించినప్పుడు, చక్కగా నడచు జట్టులలోనే మందుల పొరపాట్లు ఎక్కువగా నమోదైనట్లు కనబడెను. వారు ఎక్కువ తప్పులు చేసిరని కాదు. చేసిన తప్పును భయములేక చెప్పుకొనిరి. తక్కినచోటుల తప్పులు జరిగినను నోరు మెదపినవారు లేరు. తప్పులు లేవని చెప్పు జట్టును చూచి సంతసింపక, అచట నోరు విప్పుటకు ధైర్యము కలదా యని విచారింపవలెను.

బాగుచేసికొను విధము

సోదరీమణులారా! ఇంతవఱకు చెప్పినదానినుండి ఆచరణకు వచ్చు మాటలు కొన్ని ఏఱి యిచట చెప్పుచున్నాము.

మొదటిది: జట్టు లక్ష్యము ఒక్క వాక్యములో అందఱికిని తెలియవలెను. “బాగుగా నాటవలెను” అనుట లక్ష్యము కాదు. “మీటరునకు 33 కుదుళ్ళు, చీకటి పడకమునుపు పూర్తి” అనుట లక్ష్యము.

రెండవది: కొలత రెండు మూడింటికన్న ఎక్కువ వద్దు. కొలుచుట జట్టువారే చేయవలెను, జట్టువారి యెదుటనే చేయవలెను. మేస్త్రి ఒక్కడే వ్రాసికొని జేబులో పెట్టుకొను లెక్క అనుమానమును పెంచును.

మూడవది: కొఱత కనబడినప్పుడు మనిషిని తరువాత చూడుడు, ఏర్పాటును ముందు చూడుడు. సరకు అందినదా, పనిముట్టు సరిగా ఉన్నదా, పని నేర్పినవారున్నారా, వేళ కుదిరినదా? ఇవి అన్నియు సరిగా ఉండియు పని చెడినప్పుడే మనిషిని గూర్చి విచారింపవలెను. అదియైనను చాటుగా, మెత్తగా. పదిమందిలో అవమానింపబడినవారు మఱునాడు పని నేర్చుకొనరు, మౌనము నేర్చుకొందురు.

నాల్గవది: ఒక్కసారి ఒక్క మార్పే చేయుడు. సమావేశపు వేళ మార్చి, నాయకురాలిని మార్చి, కంతు మార్చినచో ఏది మేలు చేసినదో ఏది కీడు చేసినదో తెలియదు. ఒక్కటి మార్చి, రెండు మూడు నెలలు చూచి, మరల కొలుచుడు.

ఐదవది: సంఘపు లెక్కలు ప్రతి సమావేశమునను పైకి చదువవలెను. చదువు రానివారికి ఇదియొక్కటే రక్షణ. నాయకత్వమును వంతులవారీగా మార్చుడు. ఎన్నడును మాటలాడని స్త్రీని పేరుపెట్టి పిలిచి, “నీవేమందువమ్మా?” యని అడుగుడు. ఆ నోటనుండి వచ్చు మాట తఱచుగా అందఱికిని పనికివచ్చు మాటయై యుండును.

ఆఱవది: ఎక్కువ వచ్చినప్పుడు ఎక్కువ పంచుడు. నాటు చక్కబడి దిగుబడి పెరిగినను, చేప చెడక ధర పలికినను ఆ లాభములో జట్టునకు పాలు లేనిచో కొలత కొరడాయగును. కొరడాతో కొన్నాళ్ళు పని జరుగవచ్చును గాని, జట్టు మిగులదు.

కూలియైనను, పొదుపైనను, వంటయైనను, మన స్త్రీల శ్రమ చిరకాలము లెక్కలకెక్కని శ్రమ. ఇరుగుపొరుగున ఉన్న నరసాపురపు లేసు అల్లు స్త్రీలను గూర్చి మరియా మీస్ అను జర్మను పండితురాలు 1982లో గ్రంథము ప్రకటించుచు, విదేశములకు సరకు పంపు పరిశ్రమను నడపుచున్న ఆ స్త్రీలను లోకము తీరికవేళ అల్లుకొను ఇల్లాండ్రనియే భావించెనని చూపెను. లెక్క లేనిచోట విలువ లేదు. కావున కొలతకు జంకవలదు. కొలబద్ద మన చేతిలో ఉండవలెను, మనకు తెలిసినదై యుండవలెను, వెనుకబడిన సోదరిని చేయి పట్టి లేపుటకు ఉపయోగపడవలెను. వచ్చు నెల సమావేశమున మీ సంఘపు హాజరుపుస్తకమును తెఱచి, ఎవరి పేరునకెదుట ఖాళీలు ఎక్కువగా ఉన్నవో చూడుడు. చూచి, వారి ఇంటికి వెళ్ళి కుశలమడుగుడు.